ఫ్లాట్ షో రోజు కాఫీ

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో, మాకు పని ఇప్పించే ఏజెన్సీ బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకే కదిలేది. జులైలో ఫెయిర్‌ఫర్డ్ ఎయిర్‌బేస్‌లో జరిగే రాయల్ ఇంటర్నేషనల్ ఎయిర్ టాటూ అనే సైనిక విమానాల షోలో నాకు పని దొరికిందంటే, ఫ్రెండ్స్ నేను విమానాల పక్కన నిలబడతాననుకున్నారు. నా డ్యూటీ ట్రేల దగ్గర. వేరే దేశాల నుంచి వచ్చిన పైలట్లు, మెకానిక్‌లు తినే టెంట్‌లో వడ్డించడం, తర్వాత అవన్నీ కడగడం.

స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే చేయాలి. వారమంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. అందుకని శుక్ర, శనివారాలు పదేసి గంటలు చేసేశాను. ఆదివారం షో ఉన్నా రూమ్‌లో పడుకున్నాను. సోమవారం లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు కాబట్టి సామాను సర్దే పనికి వెళ్లాను.

అప్పటిదాకా నా ఇంగ్లీషు గురించి నాకు కాస్త బెరుకు. ఆ క్యూ చూశాక పోయింది. ఇటలీ వాళ్లు, పోలండ్ వాళ్లు, గ్రీకులు, ఎవరి యాస వాళ్లది. ఒకాయనకు చెంచాని ఏమంటారో గుర్తురాక, గాల్లో కప్పు పట్టుకుని చక్కెర కలిపి చూపించాడు. అదే మనిషి రేడియో ముందు మాత్రం తడబడడట. ఎత్తు, వేగం, నిమిషాలు, అన్నీ ముందే కుదుర్చుకున్న మాటలే కదా మరి.

ఇటలీ మెకానిక్ ఒకాయన రోజుకు నాలుగుసార్లు కాఫీకి వచ్చేవాడు. నాటో దేశాలు ఇంధనానికి ఒకే కోడ్ పెట్టుకున్నాయి, ఎఫ్-34 అంటే ఎక్కడైనా అదే. ఇంధనం నింపే పైపు మూతి కొలతా ఒక్కటే. "బ్రిటన్ వాళ్ల పైపు నా విమానానికి టక్కున అతుక్కుంటుంది, నీ మూతలే ఈ కప్పులకి పట్టట్లేదు" అన్నాడు. నిజమే, ఏజెన్సీ పంపిన మూతలు వేరే సైజు.

శుక్రవారం మబ్బులు బాగా కిందికి దిగాయి. ఒక్కో పైలట్ మూడు రకాల షోలు సిద్ధం చేసుకుని వస్తాడు. ఆకాశం తేటగా ఉంటే ఫుల్, నిట్టనిలువు లూప్‌లతో సహా. మబ్బు కాస్త కిందుంటే రోలింగ్, అంటే లూప్‌లు లేకుండా విమానాన్ని పక్కకి దొర్లించడం. మరీ కిందుంటే ఫ్లాట్, అంటే అడ్డంగా తిరగడమే. తోచినట్టు చేస్తామంటే కుదరదు. ఏ దేశం వాళ్లయినా షోకి ముందు రోజుల్లో ఇక్కడ ఎగిరి, భద్రత చూసే కమిటీని ఒప్పించాల్సిందే. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఇటలీ టీమ్ విమానాలు గాల్లో ఢీకొని 70 మంది చనిపోయాక, జనం వైపు దూసుకొచ్చే విన్యాసాల మీద నియమాలు చాలా బిగించారు. ఆ సంగతి మెకానిక్‌ని అడగాలనిపించింది, అడగలేదు. ఫ్లాట్ షో రోజు పైలట్లు మాటిమాటికీ బయటికెళ్లి పైకి చూడటం, లోపలికొచ్చి కాఫీ అడగటం. ఆ రోజు రెండు రెట్లు పోశాం.

శనివారం అమెరికా బి-52 వచ్చింది. ఎనిమిది ఇంజన్లు, వెనక నల్లటి పొగ. టెంట్ బట్ట వణికింది. అందరం బయటికి పరిగెత్తాం. నాతో గిన్నెలు కడిగే పెద్దాయనది బాగ్దాద్. 2003లో ఇరాక్ మీదికి బి-52లు ఇదే రన్‌వే నుంచి లేచాయి. ఆయనా బయటికొచ్చి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, ఫోన్ తీసి కొడుక్కి వీడియో తీశాడు. నేను ఏదో అనబోతుంటే నవ్వాడు. "ఇక్కడ దీనికి టికెట్ కొన్నారు. మాకు ఫ్రీగా చూపించారు" అన్నాడు. మళ్లీ సింక్ దగ్గరికి వెళ్లిపోయాడు.

సోమవారం అందరూ తిరుగు ప్రయాణం. కంచె అవతల నిచ్చెనలేసుకుని, పొడుగాటి లెన్సులు పట్టుకుని, పైలట్ల మాటలు పట్టే స్కానర్ రేడియోలు వింటూ జనం. ఏ విమానం ఎప్పుడు లేస్తుందో లోపలున్న మాకంటే వాళ్లకే ముందు తెలుస్తోంది. మేం కుర్చీలు మడిచి పేరుస్తున్నాం. ఇటలీ మెకానిక్ చివరి కాఫీకి వచ్చాడు. మెషిన్ అప్పటికే లారీ ఎక్కేసిందని చెప్పాను. ఆయన భుజం మీద వెల్క్రోతో అతికించిన యూనిట్ బ్యాడ్జి చర్రున పీకి నా చేతిలో పెట్టాడు. వాళ్లలో వాళ్లు మార్చుకునేవి అవి, ఒకటిచ్చి ఒకటి తీసుకుంటారు. నా దగ్గర ఉన్నదల్లా ఏజెన్సీ ఇచ్చిన పేరు ట్యాగే. అది తిప్పి పంపకపోతే జీతంలో ఐదు పౌండ్లు కోత. అదే ఇచ్చేశాను.