వీపు మీద స్లావిన్

“ఏంటండీ, ఇది బి టీమే కదా!” అన్నాడు మహానుభావుడు. ఐస్ హాకీ మ్యాచులో ఇంకా రెండో పీరియడ్ కూడా పూర్తవలేదు. నేను నవ్వి ఊరుకున్నాను, అదే ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఈయన పాత ఆఫీసు స్నేహితుడూ వాళ్ళావిడా ర్యాలీ పక్కనున్న కేరీ నుంచి వీకెండుకి షార్లెట్‌లో మా ఇంటికి వచ్చారు. మనిషి చెడ్డవాడేం కాదు. ర్యాలీలో హరికేన్స్ మ్యాచులకి వెళ్తుంటారట, అంటే ఎన్‌హెచ్ఎల్, పెద్ద లీగు. మా ఊరి జట్టు చెకర్స్ ఆడేది దానికి ఒక మెట్టు కింద ఏహెచ్ఎల్‌లో. నిజమే, కాదనను. కానీ టికెట్లు మేం కొని, పార్కింగ్ మేం కట్టి, రింకు చుట్టూ ఉండే గ్లాసుకి దగ్గరగా మంచి సీట్లు వాళ్ళకిచ్చి మేం వెనక వరసలో సర్దుకుంటే, ఆటంతా “స్పీడు లేదు”, “మా దగ్గరైతే ఇది గోలే”. మా పెద్దాడు మొహం చూస్తే నాకే ఏదోలా అయింది. వాడికి చెకర్స్ ఓడిపోయినా ఫర్వాలేదు కానీ ఎవరైనా చులకనగా మాట్లాడితే అన్నం దిగదు.

పైగా ఆయన వేసుకొచ్చింది హరికేన్స్ ఎర్ర జెర్సీ. వీపు మీద స్లావిన్, 74.

జాకబ్ స్లావిన్ 2015లో కాలేజీ వదిలొచ్చి ప్రొఫెషనల్‌గా మొదటి మ్యాచులు ఆడింది ఎవరికి? ఈ బి టీముకే! అప్పట్లో మాది హరికేన్స్ కింద జట్టు. ఇక్కడ పద్నాలుగు మ్యాచులు ఆడాక పైనుంచి పిలుపొచ్చింది, వెళ్ళినవాడు మళ్ళీ తిరిగి చూడలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, రాత్రి పదకొండింటికి గిన్నెలు డిష్‌వాషర్లో సర్దుతుంటే గుర్తొచ్చింది. అప్పటికి ఆయన పైన గెస్ట్ రూములో గురక పెడుతున్నాడు.

వాళ్ళావిడ నయం. “అక్కా, మంచే సరిగ్గా పడని ఊరికి ఈ ఆట ఎలా వచ్చింది?” అని అడిగింది. 1956లో బాల్టిమోర్‌లో ఒక జట్టు ఆడే హాలు కాలిపోయిందనీ, ఆడడానికి చోటు లేక మిగిలిన మ్యాచులు ఇక్కడికి తెచ్చుకున్నారనీ, మొదటి మ్యాచుకే పదివేల మందికి పైగా వచ్చారనీ చెప్పాను. ఈ బోజాంగిల్స్ కొలీసియంలోనే, పేరు అప్పుడు వేరు. ఆ అమ్మాయి విన్నది. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

ఈ కొలీసియం అంటే నాకు నాన్నే గుర్తొస్తాడు. 2018 మే నెల, నాన్నా అమ్మా తెనాలి నుంచి దిగి మూడు రోజులైందో లేదో, నాన్నకి జెట్‌లాగ్ వదల్లేదు, పగలంతా సోఫాలో నిద్ర, రాత్రి గుడ్లగూబలా మెలకువ (ఈ మాట ఆయనదే). ఇంట్లో కూర్చుని ఏం చేస్తార్లే అని ప్లేఆఫ్ మ్యాచుకి తీసుకెళ్ళాం. లీహై వ్యాలీ ఫాంటమ్స్‌తో. నాన్న మొదటి విరామమంతా పైకప్పు చూస్తూ గడిపాడు, ఇంజనీరు బుద్ధి పోదు కదా. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా ఇంత ఉక్కు గోపురం 1955లో ఎలా నిలబెట్టారో అని నన్ను అడిగితే నాకేం తెలుసు? ఆట ఒకటీ ఒకటీ దగ్గర ఆగింది. ప్లేఆఫ్‌లో ఒక్కొక్కరే వెళ్ళి గోల్ కొట్టే షూటౌట్లు ఉండవు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఆడుతూనే ఉండాలి. ఒక ఓవర్‌టైమ్ అయింది. రెండు. మూడు. జాంబోనీ బండి వచ్చి మంచు నున్నగా చేసి పోవడం, మళ్ళీ మొదలు. చుట్టూ కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, పెద్దాడు (అప్పటికింకా చిన్నవాడే) నా ఒళ్ళో నిద్రపోయాడు, ఈయన తల వాల్చేశాడు, అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి దొంగచాటుగా చేగోడీలు పంచుతోంది. నాన్న ఒక్కడే నిటారుగా కూర్చున్నాడు. ఆయనకి అది పొద్దున్నే కదా! అవతలి గోలీ (గోల్‌కీపర్) అలెక్స్ లయన్ మీద పడింది ఆయన చూపంతా. ఆట ఆగినప్పుడల్లా ఆ కుర్రాడు మాస్కు పైకెత్తి, వల మీద పెట్టుకున్న సీసా అందుకుని రెండు గుక్కలు తాగి మళ్ళీ వంగి నిలబడేవాడు. “వాణ్ణి కాస్త కూర్చోనివ్వరటే?” అంటాడు నాన్న. మా వాళ్ళు కొట్టిన 95 షాట్లలో 94 ఆపాడు. అయిదో ఓవర్‌టైమ్‌లో వాళ్ళే గోల్ కొట్టారు, 2-1. రాత్రి ఒంటిగంట దాటి తొమ్మిది నిమిషాలు. ఏహెచ్ఎల్ చరిత్రలోనే అంత పొడుగు మ్యాచు లేదు. అంతకుముందు రికార్డు 2008లో ఆల్బనీది, ఆ ఆల్బనీ జట్టే 2010లో షార్లెట్ వచ్చి చెకర్స్ అయింది, అప్పుడు కూడా అయిదో ఓవర్‌టైమే, అప్పుడు కూడా ఫాంటమ్స్ చేతిలోనే. రాసిపెట్టి ఉండాలి అంటారే, అలా. మరుసటి ఏడాదే చెకర్స్ ఏకంగా ఏహెచ్ఎల్ ట్రోఫీ కాల్డర్ కప్పే గెలిచారు. నాన్న మాత్రం ఇప్పటికీ ఫోన్‌లో ఆ గోలీ సంగతే అడుగుతాడు.

ఇంతకీ ఇవాళ. మూడో పీరియడ్‌లో ఇంకా ఆరు నిమిషాలు ఉండగా ఆ జెర్సీ మహానుభావుడు లేచాడు, ట్రాఫిక్ పడకముందే బయటపడదాం అని. రెండు కార్లలో వచ్చాం కాబట్టి వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళి ఏం చేశారు? గరాజ్ కోడ్ కోసం ఫోన్ మీద ఫోన్. ఆ గోలలో నాకు వినపడితేగా! ఇక్కడ చివరి నిమిషంలో గోలీని తీసేసి ఆరో ఆటగాణ్ణి దింపి స్కోరు సమం చేశారు, ఓవర్‌టైమ్‌లో గెలిచారు. పెద్దాడి గొంతు పోయింది. మేం ఇల్లు చేరేసరికి వాళ్ళిద్దరూ డ్రైవ్‌వేలో కారులో కూర్చుని ఉన్నారు.

ఇక్కడిదాకా రాశాక అనిపిస్తోంది, ఆయన అన్నదాంట్లో మరీ తప్పేముంది? ఆ మంచు మీద తిరిగే కుర్రాళ్ళలో షార్లెట్‌లోనే ఉండిపోవాలనుకునేవాడు ఒక్కడుంటాడా? మనవైపు చిన్న ఊరి బడిలో ఫస్టు వచ్చిన పిల్లల్ని కార్పొరేట్ కాలేజీలు ఎత్తుకుపోయినట్టు, బాగా ఆడినవాడు బాగా ఆడిన వారమే మాయం. పోయిన చలికాలం పెద్దాడికి బాగా నచ్చినవాడు అలాగే ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. 2020 నుంచి మాది ఎన్‌హెచ్ఎల్‌లోని ఫ్లోరిడా పాంథర్స్ కింద జట్టు, మా పిల్లలు వెళ్ళేది అటే కదా. వాళ్ళు 2024లోనూ 2025లోనూ ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్పు ఎత్తారు. ఆ 2025 జూన్‌లోనే మేం కాల్డర్ కప్పు ఫైనల్ ఆరో మ్యాచు, దాంతో కప్పూ అబ్బట్స్‌ఫర్డ్ జట్టుకి సమర్పించుకున్నాం, అదీ మా కొలీసియంలోనే. మనం చప్పట్లు కొట్టేది ఎవరికి మరి? ఆ ఆటగాడికి పిలుపొచ్చిన రోజు నేను పెద్దాణ్ణి ఓదార్చబోతే, “అమ్మా, ఇది గుడ్ న్యూస్” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయినా బి టీమ్ అని మేం అనుకోవచ్చు. ర్యాలీ నుంచి వచ్చి, మా సీట్లో కూర్చుని, వీపు మీద మా పిల్లాడి పేరేసుకుని అనకూడదు.

ఫిబ్రవరిలో మళ్ళీ వస్తారట. ఈసారి టికెట్లు వాళ్ళనే కొననివ్వమన్నాను ఈయనతో. “బాగుండదే” అని అటు తిరిగి పడుకున్నాడు.