స్ప్రింట్‌లో కాళ్ల కంటే ముందు కళ్లు పరుగెత్తాలి

స్ప్రింట్ ఓరియెంటీరింగ్ అనగానే చాలామంది "మ్యాప్ పట్టుకుని పరుగెత్తడమే కదా" అంటారు. నిజమే, అంతే. కాకపోతే పెద్ద పోటీల్లో గెలిచేవాళ్లు మొత్తం కోర్సును 12 నుంచి 15 నిమిషాల్లో ముగిస్తారు. ఆ కాస్త సమయంలోనే వరసగా బోలెడు కంట్రోల్స్, అంటే మ్యాప్ మీద వృత్తంతో చూపించిన, మనం చేరాల్సిన జెండాలు, వస్తాయి, ఒక్కోదానికీ ఎటునుంచి వెళ్లాలో కాళ్లు ఆపకుండానే తేల్చుకోవాలి. అడవి రేసులో ఒక నిమిషం పోగొట్టుకున్నా తర్వాత సర్దుకునే వీలుంటుంది. ఇక్కడ ఐదారు సెకన్లు పోయాయంటే ఫలితాల పట్టికలో పేరు చాలా కిందికి జారిపోతుంది.

ఈమధ్య పరుగెత్తిన రేసు గురించి రాద్దామని కూర్చున్నాను. నిజానికి రాయాల్సింది రేసంతా కాదు, అందులో ఒక్క లెగ్ గురించి, అంటే ఒక కంట్రోల్ నుంచి తర్వాతి కంట్రోల్ దాకా ఉండే దూరం గురించి.

అంతకుముందు స్టార్ట్ గురించి కొంచెం. రేసు జరిగే ప్రాంతం ముందే ప్రకటిస్తారు, అప్పటినుంచి పోటీదారులెవరూ అటు వెళ్లకూడదు. నిమిషానికొకరు చొప్పున వదులుతారు. మన వంతు దగ్గరపడుతుంటే వేలికి పెట్టుకునే చిప్ (ఏ కంట్రోల్‌కు ఎప్పుడు చేరామో నమోదు చేసేది) క్లియర్ చేసుకుంటాం, చెక్ చేసుకుంటాం, కంట్రోల్ వివరాల కాగితం తీసుకుని ముంజేతికి కట్టుకుంటాం. మ్యాప్ మాత్రం బీప్ మోగాకే. ఆ చివరి నిమిషంలో ఉండే టెన్షన్ నాకు చాలా ఇష్టం. చేతికందే దూరంలోనే మ్యాప్ ఉంటుంది, కానీ చూడటానికి లేదు.

ఇక ఏడు నుంచి ఎనిమిదికి వెళ్లే ఆ లెగ్. మ్యాప్ మీద రెండు వృత్తాల మధ్య గీత నాలుగు సెంటీమీటర్లుంటుందేమో. స్కేలు 1:4000 కాబట్టి నేల మీద 160 మీటర్లు. చూడటానికి చాలా తేలిక. కానీ ఎనిమిదో కంట్రోల్ పక్కనే ఒక మందపాటి నల్ల గీత ఉంది, అంటే దాటకూడని గోడ. ఊదా వృత్తం ఆ గీతకు రెండు వైపులా పరుచుకుని ఉంది. జెండా గోడకు ఏ పక్కన ఉందో వృత్తాన్ని చూసి చెప్పలేం. ముంజేతి మీద కాగితంలో ఆ కంట్రోల్ వరసలో చిన్న గుర్తు ఉంటుంది, అది గోడకు తూర్పు వైపు అని చూపిస్తోంది. అంతే, తిన్నగా వెళ్లే దారి మూసుకుపోయినట్టే. ఇక మిగిలినవి రెండు. ఎడమనుంచి వెళ్తే దూరం తక్కువ, కానీ మెట్లెక్కాలి, మూడు మలుపులు తిరగాలి. కుడినుంచి వెళ్తే కాస్త చుట్టు, కానీ నేల చదును, ఒకటే పెద్ద మలుపు, పైగా కంట్రోల్ దగ్గరికి చేరేసరికి మొహం తొమ్మిదో కంట్రోల్ వైపే తిరిగి ఉంటుంది.

నేను కుడి పట్టాను. ఆ నిర్ణయం ఏడో కంట్రోల్ దగ్గర తీసుకున్నది కాదు, ఐదు నుంచి ఆరుకు తిన్నటి దారిలో పరుగెత్తుతున్నప్పుడే తీసుకున్నాను. ఆరు నుంచి ఏడు మరీ దగ్గర, రెండు మూలలు తిరిగితే వచ్చేస్తుంది, మ్యాప్ చదివే తీరిక ఉండదు. కోర్సు వేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే కష్టమైన పొడుగు లెగ్‌కు ముందు కావాలనే ఇలాంటి పొట్టి లెగ్ పెడతారు. కాబట్టి ఖాళీ దొరికిన చోటల్లా ముందుకు చదివి పెట్టుకోవాలి. బొటనవేలు మ్యాప్ మీద నేనున్న చోటే ఉంటుంది, చూపు మాత్రం రెండు కంట్రోల్స్ అవతల. ఏడో కంట్రోల్ పక్కగా వెళ్తూ చెయ్యి చాపగానే వేలికున్న చిప్ మెరిసి బీప్ అంది, అడుగు ఆగకుండానే కుడికి తిరిగిపోయాను.

ఆ గోడ చూస్తే నడుమెత్తే ఉంది, ఎవరైనా దూకేయగలరు. కానీ మ్యాప్ మీద మందపాటి నల్ల గీత ఉంటే దూకగలమా లేదా అన్న ప్రశ్నే లేదు, దాటితే అనర్హత. ముదురు ఆకుపచ్చతో చూపించిన పొదల కంచెకూ, ఆలివ్ రంగులో ఉన్న ఇళ్ల పెరళ్లకూ ఇదే నియమం. కొత్తవాళ్లకు ఇది చాదస్తంగా అనిపిస్తుంది. నాకైతే ఈ ఆటలో అన్నిటికంటే నచ్చేది ఇదే. పొడుగ్గా ఉన్నవాళ్లకు ఒక కోర్సు, పొట్టివాళ్లకు ఇంకో కోర్సు ఉండకూడదు కదా. పైగా మనం పరుగెత్తేది మనుషులు కాపురముండే చోట. వాళ్ల పూలమొక్కలు తొక్కుకుంటూ పోతే మళ్లీ అక్కడ రేసు పెట్టనివ్వరు, పెట్టనివ్వకపోవడమే న్యాయం.

ఫినిష్ అయ్యాక చిప్ డౌన్‌లోడ్ చేస్తే ప్రతి లెగ్‌కూ ఎంత పట్టిందో కాగితం వస్తుంది. అసలు సరదా అక్కడే మొదలవుతుంది. ఎడమనుంచి వెళ్లిన ఒకావిడ నాకంటే చాలా వేగంగా పరుగెత్తుతుంది, అయినా ఎనిమిదో కంట్రోల్‌కు నాకే తక్కువ సమయం పట్టింది. ఇద్దరం మ్యాప్‌లు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు వాదించుకున్నాం. మెట్లు కాదు, మెట్లెక్కాక ఎటు తిరగాలో చూసుకోవడానికి ఆగాల్సి రావడమే తన సమయం తినేసిందని చివరికి తనే తేల్చింది.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్ప్రింట్ మొదలైంది 2001లో, ఫిన్లాండ్‌లోని టాంపెరెలో. 2014లో ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి పరుగెత్తే స్ప్రింట్ రిలే చేరింది, 2022లో డెన్మార్క్‌లో నాకౌట్ స్ప్రింట్ వచ్చింది. నాకౌట్‌లో ఒక్కో హీట్‌కు, అంటే ఒక్కో విడత పోటీకి, ఆరుగురు ఒకేసారి బయల్దేరతారు. పక్కవాడి వెనకాలే పోతే సరిపోతుంది అనుకుంటాం గానీ, కొన్ని హీట్లలో స్టార్ట్ ముందు కొద్ది సెకన్లపాటు మూడు కోర్సులు చూపించి ఒకటి ఎంచుకోమంటారు. మిగతావాళ్లు ఏది ఎంచుకున్నారో తెలియదు కాబట్టి ఎవరి మ్యాప్ వాళ్లు చదువుకోవాల్సిందే.

మా దగ్గర కూడా వచ్చే సీజన్‌లో ఆ పద్ధతిలో ఒక రేసు పెడతామంటున్నారు. అందుకని ఇప్పుడు పాత మ్యాప్‌లు ముందేసుకుని, ఒక్కో లెగ్‌కు మూడు సెకన్లలో దారి తేల్చడం సాధన చేస్తున్నాను. పొడుగు లెగ్గులు బాగానే వస్తున్నాయి. మెట్లూ వంతెనలూ ఒకదానిమీద ఒకటి ఉండే చోట్లకు మాత్రం ఇంకా ఎక్కువే పడుతోంది.