బాయిలర్ షెడ్డు జరపడానికి భువనేశ్వర్ సంతకం: నా అనుభవం

నిన్న సాయంత్రం షెడ్డు జరుపుకోవచ్చన్న ఆర్డర్ చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్క పల్లె. ఏటా పలాస వ్యాపారులకు జీడిపిక్కలు అమ్మే బదులు మనమే పప్పు తీసి అమ్ముదామని యూనిట్ మొదలుపెట్టాం.

లోను తేలిగ్గానే వచ్చింది. పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం కింద తయారీ యూనిట్‌కి 50 లక్షల ప్రాజెక్టు దాకా ఇస్తారు. పల్లెలో ఆడవాళ్ళ పేరు మీదైతే సబ్సిడీ 35 శాతం, మనం పెట్టాల్సింది 5 శాతం. అందుకే నా పేరునే వేశాం. సబ్సిడీ మాత్రం మూడేళ్ళు బ్యాంకులోనే ఉంటుంది, ముందే చేతికి ఇప్పిస్తామనే ఏజెంట్లను గుమ్మం ఎక్కనివ్వకండి. ట్రైనింగ్ అయింది, పరిశ్రమలకు స్థలాలిచ్చే ప్రభుత్వ కార్పొరేషన్ ఎస్టేట్‌లో స్థలం లీజుకి దొరికింది.

చిక్కంతా బాయిలర్ దగ్గరొచ్చింది. ప్లానులో అది ముందు వైపు ఉంది. పక్కనే మరమరాల మిల్లు. బాయిలర్‌లో జీడి తొక్కలు కాలిస్తే వచ్చే పొగ కళ్ళు మండిస్తుంది, అది వాళ్ళ సరుకు మీదికి పోతుందని షెడ్డు వెనక మూలకి జరుపుతామన్నాం. కార్పొరేషన్ ఇక్కడి శాఖ ఇంజనీరు వచ్చి, టేపు పట్టి కొలిచి, ఇదే మంచిదని ఫైల్లో రాశారు కూడా. కానీ "సంతకం నా చేతిలో లేదమ్మా, భువనేశ్వర్ హెడ్ ఆఫీసు చెయ్యాలి" అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. అధికారం ఇవ్వకుండా కుర్చీ మాత్రం ఇస్తే ఆయనేం చేస్తాడు?

రాత్రంతా బస్సులో కూర్చుని భువనేశ్వర్ వెళ్తే ఫైలు ఫలానా టేబుల్ మీదుందన్నారు. ఆ టేబుల్ దగ్గర పెద్దమనిషి నా ఇంటిపేరు చూసి, తలెత్తకుండానే, "మీరు ఆంధ్రావాళ్ళు కదా, పలాసలోనే పెట్టుకోవచ్చుగా" అన్నాడు. చుట్టూ అందరూ వింటున్నారు. కూర్చోమని కూడా అనలేదు. నా గొంతు పూడుకుపోయింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పుడు మా తాతగారు ఇదే ఊళ్ళో ఉన్నారు. నేను ఒడియాలో చదివి, రాసి, మాట్లాడతాను, అప్లికేషన్ కూడా ఒడియాలోనే రాశాను. అదే మాట అతనితో ఒడియాలోనే గట్టిగా అన్నాను. జవాబు లేదు, "సైట్ రిపోర్ట్ మళ్ళీ పంపించండి" అన్నాడు. ఫైల్లో ఉన్న రిపోర్టే! అది కాకపోతే ఇంకేం రిపోర్టు కావాలో ఎవరూ చెప్పలేదు. ఈలోగా బ్యాంకు వడ్డీ ఆగుతుందా?

చివరికి కలెక్టర్ గ్రీవెన్స్‌లో అర్జీ పెడితే కదిలింది. పరిశ్రమల కోసం ఒడిశా తెచ్చిన 2004 చట్టం ప్రకారం 50 కోట్ల లోపు పరిశ్రమలకు జిల్లాలోనే కలెక్టర్ కమిటీ సింగిల్ విండో (అన్నీ ఒకే చోట) అనుమతి ఇవ్వొచ్చు. అలాంటప్పుడు ఇచ్చేసిన స్థలంలోనే ఒక షెడ్డు ఇటు నుంచి అటు జరపడానికి కార్పొరేషన్ ఇక్కడి శాఖకి అధికారం ఎందుకు ఉండకూడదు? ప్లాను మార్పులు, లీజు పేరు సవరణలు, ఖాళీగా పడున్న స్థలాలు వెనక్కి తీసుకోవడం, ఈ మూడూ ఇక్కడే తేలాలి. మా ఎస్టేట్‌లో తాళాలు తుప్పుపట్టిన షెడ్లున్నాయి, స్థలం కోసం తిరిగేవాళ్ళూ ఉన్నారు.

మీరు ఏ కాగితం ఇచ్చినా డైరీ నంబరు వేయించుకుని ముద్ర పడిన కాపీ తెచ్చుకోండి. గ్రీవెన్స్‌లో నన్ను గట్టెక్కించింది అదే. శాఖకి అధికారాలు ఇవ్వాలని అర్జీ రాశాను, ఎస్టేట్‌లో చాలామంది సంతకాలు పెట్టారు, మరమరాల మిల్లు ఆయన అందరికంటే ముందు పెట్టారు. మన జిల్లాలో యూనిట్ ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, సంతకం పెట్టడానికి వచ్చేయండి.