కొండగొర్రెలు పోతే వాటి దారులూ పోతాయి

ఉత్తర అమెరికా పశ్చిమ పర్వతాల్లో తిరిగే బిగ్‌హార్న్ అనే అడవి కొండగొర్రెల గురించి చదువుతున్నకొద్దీ నాకొక సంగతి గట్టిగా అనిపిస్తోంది. ఉన్న మందను కాపాడుకోవడమూ, అది పోయాక మరోచోటి నుంచి గొర్రెలను తెచ్చి వదలడమూ ఒకటి కావు.

చాలా మందలను కుప్పకూల్చింది ఊపిరితిత్తుల జబ్బు. పెంపుడు గొర్రెలకు, మేకలకు పెద్దగా హాని చేయని మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే సూక్ష్మజీవి, మేత దగ్గర రెండు జాతులూ కలిసినప్పుడు కొండగొర్రెలకు అంటుకుంటుంది. అది శ్వాసనాళాల్లోని సన్నని నూగును పనిచేయనివ్వదు కాబట్టి ఇతర బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగి తిష్ఠవేస్తాయి. పెద్దవాటిలో ఎన్నో చనిపోతాయి. కోలుకున్న తల్లుల్లో కొన్ని ఆ క్రిమిని ముక్కులో మోస్తూనే ఉంటాయి కనుక, ఆ తర్వాత ఏళ్లపాటు పుట్టిన పిల్లలు కొద్ది నెలలైనా నిండకుండానే రాలిపోతుంటాయి. పిల్లలు పుడుతూనే ఉన్నా మంద పెరగని ఆ స్థితి నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

దీనికి నమ్మకమైన టీకా లేదు, దూరమే మందు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఉన్న పాయెట్ జాతీయ అటవీ ప్రాంతంలో పెంపుడు గొర్రెల మేతభూమిని దాదాపు 70 శాతం మూసివేయాలని 2010లో నిర్ణయించారు. దానిపై వ్యాజ్యం నడిచినా నిర్ణయం నిలిచింది. మేత పోయిన కాపరుల కష్టం చిన్నది కాదు, వారికి వేరే భూమి చూపించడం న్యాయం. అయినా ఆ నిర్ణయం సరైనదనే నా నమ్మకం.

ఎందుకంటే తెచ్చి వదిలిన గొర్రెలకు ఆ కొండ తెలియదు. వసంతంలో మంచు కరిగేకొద్దీ కింది నుంచి పైకి చిగురించే పచ్చికను వెన్నంటి ఎక్కడం వాటికి పుట్టుకతో వచ్చే విద్య కాదని, పెద్దవాటి వెంట నడుస్తూ తరతరాలుగా నేర్చుకునేదని 2018లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. ఎన్నో తరాలుగా అక్కడే బతికిన మందల్లో చాలా గొర్రెలు వలస వెళ్తుంటే, కొత్తగా వదిలిన మందల్లో దాదాపు అన్నీ ఉన్నచోటే ఉండిపోయాయి; ఆ అలవాటు మళ్లీ స్థిరపడటానికి దశాబ్దాలు పట్టింది.

కొన్ని మందల్లో ఇప్పుడు ఒక్కొక్క గొర్రెనూ పరీక్షించి, క్రిమిని విడవకుండా మోస్తున్న కొద్దిపాటి తల్లులను మందలోంచి తప్పిస్తున్నారు. అలా చేసినచోట పిల్లలు బతికి పెద్దవవుతున్నాయి. తప్పించిన ఆ ముసలి తల్లికి కూడా పైకి వెళ్లే దారి తెలిసే ఉంటుంది. అందుకే ఆ పని, ఆమె వెనుక నడిచి దారి నేర్చుకున్నవి మందలో ఇంకా మిగిలి ఉండగానే జరగాలి.