11 స్పీడ్‌కి మారే ముందు

పాత 10 స్పీడ్ (వెనక 10 గేర్లున్న) రోడ్ సైకిల్‌ని 11 స్పీడ్ చేయాలంటే ధర కంటే ముందు వెనక హబ్ (చక్రం మధ్య భాగం) చూడండి. షిమానో 11 స్పీడ్ రోడ్ క్యాసెట్లకు (వెనక పళ్ల చక్రాల గుత్తులకు) ఫ్రీహబ్, అంటే హబ్ మీద క్యాసెట్ ఎక్కే భాగం, 1.85 మి.మీ. ఎక్కువ పొడవుండాలి. లేకపోతే క్యాసెట్‌ని బిగించే లాక్‌రింగ్ మర పట్టదు. హెచ్‌జీ800 11-34 క్యాసెట్ (11 నుంచి 34 పళ్లది) ఒక మినహాయింపు, పాత హబ్‌కే సరిపోతుంది. కొత్త హబ్ మీదైతే దాని వెనక 1.85 మి.మీ. స్పేసర్ (పలచటి రింగు) వేయాల్సిందే, మరిచిపోతే క్యాసెట్ వదులుగా ఊగుతుంది.

అరకు లాంటి ఘాట్‌కి ముందు 50-34 పళ్ల చక్రాలు, వెనక 11-34 క్యాసెట్ నా ఎంపిక. షిమానో 105 ఆర్7000 వెనక డిరైలర్‌లో (చైన్‌ని గేరు నుంచి గేరుకి మార్చే భాగం) పొట్టి కేజ్ 30 పళ్ల వరకే, 34 కావాలంటే జీఎస్ (పొడవు కేజ్) అని అడిగి తీసుకోండి. షిమానోదే టియాగ్రా 4700 పేరుకి 10 స్పీడే, కానీ పాత 10 స్పీడ్ షిఫ్టర్లు (గేరు మార్చే లివర్లు) దాని డిరైలర్‌కి కుదరవు. కేబుల్ లాగే కొలత వేరు, ఎంత ట్యూన్ చేసినా గేర్లు తప్పుతూనే ఉంటాయి.

బ్రేకులదీ అదే సంగతి, ఇక్కడ తప్పితే మాత్రం ప్రాణం మీదకొస్తుంది. కొత్త బ్రేక్ లివర్లకు పాత కాలిపర్లు (చక్రం రిమ్‌ని నొక్కే బ్రేకులు) తగిలిస్తే లివర్ గట్టిగా తగులుతుంది, బండి మాత్రం సరిగా ఆగదు. లివర్, కాలిపర్ ఒకే తరానివి కొనండి. ఆర్7000 రిమ్ కాలిపర్‌లో 28 మి.మీ. టైరు దాకా పడుతుంది.