తెరేజమ్మ చేతిగుడ్డ

చిత్తూరులో మా ఇంట్లో, మా కతోలికుల పునీతురాలు చిన్న తెరేజమ్మ పటం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉంది. చేతిలో సిలువ, గులాబీలు, ఎప్పుడూ అదే నవ్వు. దగ్గు మొదలైన మూడో వారం గళ్లలో నెత్తురు జీర కనబడేదాకా, ఆమెదీ ఇదే జబ్బని నాకు తట్టలేదు.

గళ్ల పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలల మందు: రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు. ఉచ్చ నారింజ రంగులో వస్తుందని ఆశా వర్కరు అమ్మాయి ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకుంటే ఆరోజే గుండె ఆగుండేది.

"ఆరోగ్యవరం పంపించేస్తారేమో మే" అని మా అత్త ఏడ్చింది. ఆమె కాలంలో టీబీ అంటే మదనపల్లె దగ్గరి ఆ టీబీ ఆసుపత్రే, శానిటోరియమే. ఇంట్లో ఉండి మందు తిన్నా అంతే బాగవుతుందని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన తేల్చిందట. డాక్టరు చెబితే నాకూ అప్పుడే తెలిసింది.

ఇంట్లోనే ఉన్నా. కష్టమంతా అక్కడే. నా గ్లాసు, నా తట్ట వేరు చేశారు. మందు బాగా పనిచేస్తోంది, ఇక అంత భయం అక్కర్లేదని డాక్టరు చెప్పాక కూడా మా తోడికోడలు నా గ్లాసును కొనవేళ్లతో పట్టుకుపోయి, కడిగి, ఎండలో ఠంగుమని బోర్లించేది. ఆ చప్పుడుకు ఒళ్లు మండిపోయేది.

మా చర్చి విచారణలో (పారిష్‌లో) నాకోసం తెరేజమ్మకు నవదిన ప్రార్థనలు పెట్టారు. ఆమె మొర వింటే గులాబీ వాసన వస్తుందని నమ్మకం. "గులాబీ వాసన వచ్చిందా?" అని ఒకామె అడిగింది. నాకు వచ్చింది వాంతి.

పడుకునే తెరేజమ్మ జీవితం చదివా. 1888లో, పదిహేనేళ్లకు, ఫ్రాన్సులో లిసియో మఠంలో చేరింది. 1896 ఏప్రిల్‌లో ఒక రాత్రి పడుకోగానే నోట్లోకి ఏదో పొంగింది. దీపం ఆర్పేసి ఉంది. తెల్లారేదాకా ఆగి చేతిగుడ్డ చూసుకుంది, నెత్తురు. ఆ టీబీ క్రిమిని రాబర్ట్ కాక్ అనే జర్మన్ డాక్టరు 1882లోనే పట్టుకున్నాడు, దాన్ని చంపే మందు మాత్రం 1940ల దాకా రాలేదు. 1897 సెప్టెంబరు 30న, 24 ఏళ్లకు పోయింది. చివరి ఏడాదిన్నర మోక్షం ఉందన్న నమ్మకమే ఆమెకు చీకటైపోయింది. ఈ ముక్క ఏ పటం వెనకా నేను చూడలేదు.

నన్ను పట్టుకుంది మాత్రం చాకిరేవు సంగతి. చేతిగుడ్డలు ఉతికేటప్పుడు ఎదుటి మఠకన్య మురికినీళ్లు ఆమె మొహాన చిందించేది. వెనక్కి జరిగి, ఆ మఠకన్యకు తెలిసేలా మొహం తుడుచుకోవాలని తెరేజమ్మకు అనిపించిందట. తుడుచుకోలేదనుకోండి. కానీ నాకు కావలసింది ఆ 'అనిపించింది' అన్న మాటే. అట్లాంటి పునీతురాలైతే నా పక్కన మంచం మీద కూర్చోగలదు.

నేను ఊరుకోలేదు. ఒకరోజు గ్లాసు తీసి గోడకేసి కొట్టా. సాయంత్రం తోడికోడలు గడప అవతలే నిలబడి, "చంటిబిడ్డ ఉండాది కదక్కా, నాకు భయం" అంది. నాలుగు నెలల్లో ఆ మాట నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మర్నాటి నుంచి నా గ్లాసు నేనే కడుక్కుని, నేనే బోర్లించా. చప్పుడు కాకుండా.

ఆరో నెల పరీక్షలో క్రిమి లేదన్నారు. 41 కిలోలున్నదాన్ని 47కి వచ్చా. ఆ గ్లాసు ఇంకా ఇంట్లోనే ఉంది, సొట్టతో. కింద పెడితే నిలబడదు. అందులో కాఫీ ఎవరికొచ్చినా, "నాకొద్దు, వేరేది ఇవ్వు మే" అంటారు.