‘సమతుల్యం పాటించాలి’ అని రాసి పదికి మూడు తెచ్చుకున్నాను

గ్రూప్-1 మెయిన్స్ తెలుగు మీడియంలో రాసేవాళ్ల కోసం ఇది. నేను టాపర్‌ని కాదు. మొదటిసారి మెయిన్స్‌లోనే ఆగిపోయాను, రెండోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఇప్పుడు మూడోసారి కోసం కర్నూలులో ఒక చిన్న గదిలో ఉంటున్నా. పేపర్-4లో అంతర్జాతీయ వాణిజ్యం అనే ఒక్క ముక్క మాత్రం నాకు బాగా పట్టుబడింది. అది కూడా ఒక దెబ్బ తిన్నాకే.

టెస్ట్ సిరీస్‌లో ఒక ప్రశ్న వచ్చింది. వాణిజ్య చర్చల్లో ఇంధన అవసరాలు, పరిశ్రమల ప్రయోజనాలు, ప్రజల రక్షణ, ఈ మూడింటినీ భారత్ ఎలా చూసుకుంటోంది అని. నేను గాట్ 1947 (సుంకాలు, వాణిజ్యం మీద దేశాల మధ్య కుదిరిన ఒప్పందం)తో మొదలుపెట్టి, ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)ను పుట్టించిన మర్రకేష్ ఒప్పందం, అది మొదలైన 1995 జనవరి 1, దోహా, బాలి సమావేశాలు అని వరసపెట్టి దింపేశాను. చివర్లో ‘ఈ మూడింటి మధ్య సమతుల్యం పాటించాలి’ అని ముగించాను. దిద్దిన సార్ ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, ‘ఎక్కడ పాటించారు? ఎవరు ఓడారు?’ అని రాశారు. పదికి మూడు. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఏడాది సంక్రాంతికి మా రూమ్మేట్ వాళ్ల ఊరికి వెళ్లాను. ఓర్వకల్లు మండలంలో శకునాల పక్కన. అక్కడ గని, శకునాల ఊళ్ల భూముల్లోనే 1000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది, 2017లో పూర్తయింది. దాదాపు 6 వేల ఎకరాలు. ఎటు చూసినా ప్యానెళ్లే. మావాడు వాటిని ‘అద్దాలు’ అంటాడు. ‘ఒరేయ్, ఈ అద్దాలు మన దేశంలో చేసినవేనా, బయటి నుంచి తెచ్చినవా?’ అని మాటవరసకు అడిగాడు. నాకు జవాబు తెలీదు. గదికొచ్చి వెతికితే ఆ ఒక్క ప్రశ్నకే డబ్ల్యూటీఓలో ఒక పెద్ద కేసు ఉందని తెలిసింది.

సంగతేమిటంటే, 2010లో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు, కొన్ని ప్రాజెక్టుల్లో మన దేశంలో తయారైన సెల్స్, మాడ్యూల్సే వాడాలని షరతు పెట్టారు. సెల్ అంటే కరెంటు పుట్టే చిన్న ముక్క, సెల్స్ కూర్చి చేసిన పలకే మాడ్యూల్. విదేశీ సరుకును తక్కువగా చూస్తున్నారని 2013లో అమెరికా ఫిర్యాదు చేసింది. మన ప్రభుత్వం ఏమని వాదించిందో చూడండి, ఇక్కడే మార్కులున్నాయి. ప్రభుత్వం తన కోసం కొనుక్కునే వస్తువులకు గాట్‌లో మినహాయింపు ఉంది, ఇదీ అలాంటి కొనుగోలే కదా అన్నది మన వాదన. 2016 సెప్టెంబర్‌లో డబ్ల్యూటీఓలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ దాన్ని ఒప్పుకోలేదు. మీరు కొంటున్నది కరెంటు, షరతు పెట్టింది ప్యానెళ్ల మీద, రెండూ వేరు వేరు వస్తువులు అంది. దేశంలో ప్యానెళ్ల కొరత ఉంది కాబట్టి గాట్ 20వ ఆర్టికల్ కింద మినహాయింపు ఇవ్వండి అన్న మాట కూడా నిలబడలేదు. బయటి నుంచి తెచ్చుకోగలిగినప్పుడు అది కొరత ఎలా అవుతుంది?

ఓడిపోయాం. కానీ కథ అక్కడ ఆగలేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు కూడా స్థానిక సరుకు వాడినవాళ్లకు రాయితీలు ఇస్తున్నాయని మనం ఎదురు ఫిర్యాదు వేశాం, 2019లో డబ్ల్యూటీఓ విచారణ బృందం తీర్పు మనవైపు వచ్చింది. 2023 జూన్‌లో రెండు దేశాలూ ఆరు వివాదాలు ముగించుకున్నప్పుడు ఈ రెండూ అందులోనే తేలిపోయాయి. ఈలోపు మన ప్రభుత్వం షరతు దారి మూసుకుపోయిందని సుంకం దారి పట్టింది. 2022 ఏప్రిల్ 1 నుంచి మాడ్యూల్స్ మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతం దిగుమతి సుంకం వేసింది. తయారీదారులకు పీఎల్ఐ, అంటే ఉత్పత్తిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకం, సరేసరి. ఇదే గని పార్క్ టెండర్‌లో 2015 నవంబర్‌లో యూనిట్ 4 రూపాయల 63 పైసలకు బిడ్ పడింది, అప్పటికి అది రికార్డు. ప్యానెల్ ధర పెరిగితే యూనిట్ ధర మీద భారం పడుతుంది, తగ్గితే మన ఫ్యాక్టరీ మూతపడుతుంది. ఇంధనానికీ పరిశ్రమకూ తగాదా ఎక్కడుందో నాకు అప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

మూడోదైన ప్రజల రక్షణకు ఉదాహరణ మా ఇంట్లోనే దొరికింది. మాది శెనక్కాయ పండించే ఇల్లు. పంట కోతకొచ్చినప్పుడు వాన పడితే కాయకు బూజు పడుతుంది, ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. నేరుగా తినే పల్లీల్లో ఇది కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. అంతర్జాతీయంగా ఆహార ప్రమాణాలు తయారుచేసే కోడెక్స్ పెట్టిన పరిమితి, ఇంకా శుద్ధి చేయాల్సిన పల్లీలకు, 15. డబ్ల్యూటీఓలో ఆహార భద్రత, మొక్కలు, జంతువుల ఆరోగ్యం గురించిన ఎస్‌పీఎస్ ఒప్పందం ప్రకారం, శాస్త్రీయ ఆధారం చూపిస్తే ఏ దేశమైనా అంతర్జాతీయ ప్రమాణం కంటే గట్టి నియమం పెట్టుకోవచ్చు. మా నాయనకు ఇదంతా చెప్తే, ‘వాళ్ల పిల్లోళ్ల కడుపు వాళ్లు చూసుకుంటాండారు, మన పిల్లోళ్లు తినేదాన్ని ఎవురు చూస్తాండారు?’ అన్నాడు. ఆ మాటను మర్యాదగా మార్చి ఒక జవాబులో వాడుకున్నాను. ఎగుమతి ప్రమాణాలు, దేశీయ ప్రమాణాలు వేరువేరుగా ఉండటం గురించి రాయమంటే ఇంతకంటే మంచి మొదలు నాకు తట్టలేదు.

మందుల గురించి తప్పకుండా ఒక పేరా రాసుకోండి. కాలేయం, కిడ్నీ క్యాన్సర్‌కు వాడే నెక్సావర్ నెలకు సుమారు 2 లక్షల 80 వేలు ఉండేది. 2012 మార్చిలో మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు చేసుకోవచ్చన్న అనుమతి, ఇచ్చాక 8,880కు వచ్చింది. ఇలా చేయవచ్చని 2001 దోహా ప్రకటన స్పష్టం చేసింది. ఇప్పుడు ఎఫ్‌టీఏ (స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) చర్చల్లో ఇదే విషయం ‘డేటా ఎక్స్‌క్లూజివిటీ’ అనే వేషంలో వస్తుంది. మొదటి కంపెనీ చేసిన ట్రయల్స్ సమాచారం ఆధారంగా ఇంకొకరికి కొన్నేళ్లు అనుమతి ఇవ్వకూడదన్నమాట. పేటెంట్ లేకపోయినా చౌక మందు ఆలస్యమవుతుంది.

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి దిగుమతుల మీద యూరోపియన్ యూనియన్ వేసే కార్బన్ సరిహద్దు పన్ను, అదే సీబామ్, గురించి రాస్తూ ‘కడప జిల్లా ఎర్రగుంట్ల సిమెంటు పరిశ్రమకు గట్టి దెబ్బ’ అని దంచేశాను. సొంత ప్రాంతం ఉదాహరణ ఇస్తే మార్కులొస్తాయని ఎవరో చెప్పారులెండి. రూమ్మేట్ చదివి పడీపడీ నవ్వాడు. ‘సిమెంటు బస్తాలు ఎర్రగుంట్ల నుంచి యూరప్‌కి ఎవడు మోస్తాడ్రా?’ నిజమే. సీబామ్ జాబితాలో సిమెంటు ఉంది, కానీ మన మీద భారం ప్రధానంగా ఇనుము-ఉక్కు, అల్యూమినియం మీద పడుతుంది. 2023 అక్టోబర్ నుంచి లెక్కలు చెప్పడం, 2026 జనవరి నుంచి డబ్బు లెక్క. వాళ్లు దాన్ని వాతావరణ రక్షణ అంటారు, మనం మారువేషంలో వచ్చిన సుంకం అంటాం. ఇక్కడే 1998 నాటి రొయ్యలు-తాబేళ్ల కేసు పనికొస్తుంది. తాబేళ్లు చిక్కకుండా చూసే పద్ధతి పాటించని దేశాల రొయ్యల్ని అమెరికా రానివ్వనంది. తాబేళ్లను కాపాడాలన్న అమెరికా ఉద్దేశాన్ని అప్పిలేట్ బాడీ తప్పుపట్టలేదు, ఒక్కో దేశాన్ని ఒక్కోలా చూసిన పద్ధతిని తప్పుపట్టింది. ఫిర్యాదు చేసిన నాలుగు దేశాల్లో మనమూ ఉన్నాం.

ఆర్‌సెప్ (చైనా సహా ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) చర్చల నుంచి 2019 నవంబర్‌లో ఎందుకు బయటికొచ్చామో మీకు తెలిసే ఉంటుంది, పాల రైతుల భయం, చైనా సరుకు భయం, దాని మీద ఎక్కువ సమయం పెట్టకండి.

నోట్స్ ఎలా చేశానంటే, ఒక్కో కేసుకు లేదా ఒప్పందానికి ఒక్క పేజీ. అందులో ఎవరు ఏం అడిగారు, ఎవరు ఏం వదులుకున్నారు, ఏ ఆర్టికల్ దగ్గర తేలింది, అంతే. ‘నేషనల్ ట్రీట్‌మెంట్’ లాంటి మాటను తెలుగులో ‘జాతీయ ప్రతిపత్తి’ అని రాస్తుంటాం. అది రాసి ఊరుకుంటే దిద్దేవాళ్లకు మనకు అర్థమైందో లేదో తెలియదు. పక్కనే ‘సరిహద్దు దాటి లోపలికొచ్చాక విదేశీ సరుకునూ మన సరుకులాగే చూడటం’ అని ఒక్క లైను పెట్టండి. నేను అలా పన్నెండు పేజీలు మాత్రమే చేశాను. అవే తిప్పితిప్పి చదువుతున్నా.

అదే ప్రశ్నను మొన్న మళ్లీ రాసి అదే సార్‌కి ఇచ్చాను. సోలార్ కేసుతో మొదలుపెట్టి, శెనక్కాయ మీదుగా మందుల దగ్గర ఆపాను, సమతుల్యం అనే మాట ఎక్కడా రాలేదు. ఆరున్నర వేశారు. మిగతా మూడున్నర ఎక్కడ పోయిందంటే, ‘నీ చేతిరాతలో’ అన్నారు.